కోళ్ల దొరకు ఒక సవరణ

అక్టోబర్ 6, 2025. సోమవారం

హైదరాబాద్ డెస్క్ నుంచి రమాకాంత్ ఫోన్ చేశాడు. రస్సెల్ టోబిన్ అనే అమెరికన్ మాజీ గవర్నర్ చివరి దశలో ఉన్నాడట. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశారట. మనిషి బతికుండగానే ఆబిట్, అంటే మరణవార్త, రాసి పెట్టుకోవడం మా పనిలో మామూలే. రమాకాంత్‌కు లోకల్ యాంగిల్ కావాలి. గాయన ఒకప్పుడు మీ నర్సంపేటల ఉన్నడట గద అన్నా, నీకన్న ఎవలకు ఎరుక, ఆరు వందల మాటలు కొట్టు అన్నాడు. హెడ్డింగ్ కూడా అప్పుడే పెట్టేశాడు: ‘ఓరుగల్లు మరువని స్నేహం’.

ఓరుగల్లు ఆయన్ని మరిచిపోయి యాభై ఏళ్లు దాటింది. సరే అన్నాను.

నాకన్నా బాగా ఎవరికీ తెలియదన్నది మాత్రం నిజం. ఇబ్బంది అదే.

అక్టోబర్ 7

ఫ్యాక్ట్స్ వరకు.

పుట్టింది 1943లో, అమెరికా నడుమ మొక్కజొన్న పండే రాష్ట్రంలో. తండ్రి రైతు. 1966లో డిగ్రీ కాగానే అమెరికా ప్రభుత్వం పంపే పీస్ కోర్ వాలంటీరుగా నర్సంపేట వచ్చాడు. రైతులకు తెల్ల లెగ్‌హార్న్ కోళ్ల పెంపకం నేర్పడం పని. రెండేళ్లున్నాడు. రెండో ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి ఆరు ఊళ్లలో కోళ్లన్నీ చచ్చాయి. జనం కోళ్ల దొర అనేవారు. ఆయనకు భాష నేర్పింది, సైకిల్ మీద ఊళ్లన్నీ తిప్పింది ఫకీర్ మహమ్మద్. అప్పుడతనికి ఇరవై ఒకటి. ఫకీర్ ఇంట్లో రస్సెల్ అనే పేరు ఎవరికీ నోరు తిరగలేదు. రసూల్ అన్నారు. ఆ పేరుకే ఆయన పలికాడు.

తిరిగి వెళ్లి లా చదివాడు. ప్రాసిక్యూటర్‌గా ఆరేళ్లు, రాష్ట్ర సెనేట్‌లో పదేళ్లు. 1990లో గవర్నర్‌గా గెలిచాడు, పదకొండు వేల ఓట్ల తేడాతో. ప్రచారంలో ప్రతి సభలో మొదటి మాట ఒకటే: నేను రెండు భాషల్లో కోళ్లు పెంచి దెబ్బతిన్నవాణ్ణి. రెండు టర్మ్‌లు చేశాడు. వరదలొచ్చిన ఏడాది ఇసుక బస్తాలు మోశాడు, ఫొటోలున్నాయి. నూట పన్నెండు చిన్న బడులు మూసేశాడు, ఊళ్లు దాన్ని మరిచిపోలేదు. 1998లో వాషింగ్టన్ సెనేట్‌కు నిలబడి ఓడాడు. తర్వాత సొంత ఊళ్లో చిన్న కాలేజీలో పాఠాలు.

అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు. ఓట్లతో వస్తాడు. బడ్జెట్ ఆయనది, పోలీసులు ఆయనవాళ్లు. ఉరి పడినవాడు క్షమాభిక్ష అడిగితే చివరి సంతకం ఆయనది.

ఇది నాలుగు వందల మాటలు. మిగతా రెండు వందలు రాయలేక లేచాను.

అక్టోబర్ 8

ఇక్కడైనా రాయాలి.

1996 నవంబర్ 19. వ్యాపార బృందంతో గవర్నర్ టోబిన్ హైదరాబాద్ వచ్చాడు. రెండు రోజులే. ఆయన సిబ్బందిలో ఒకామె మా వరంగల్ బ్యూరోకు ఫోన్ చేసింది. నర్సంపేటలో ఫకీర్ మహమ్మద్ అనే మనిషి ఉన్నాడేమో కనుక్కోగలరా, ఉంటే రేపు గవర్నర్ స్వయంగా వస్తారు, లైన్‌లోనే ఉంటాను అంది. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. ఇంకో ఫోన్ నుంచి నర్సంపేటలో ఎస్టీడీ బూత్‌కు కలిపాను. బూత్ నడిపే వెంకట్రాజం ఎత్తాడు. ఫకీర్ సాబ్ ఉన్నాడా అని అడిగాను. ఫకీర్ సాబా, పోయిండు గద సారూ, ఆర్నెల్లాయె అన్నాడు.

మా దగ్గర పోయిండు అంటే వెళ్లాడు. పోయిండు అంటే చనిపోయాడు. నేను పుట్టింది ఇక్కడే, వరంగల్ మట్టెవాడలో. రోజూ ఆ మాట రెండు రకాలుగానూ వాడతాను. వెంకట్రాజం గొంతు మామూలుగానే ఉంది. ఎక్కడికి అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. ఆమె ఉన్న రిసీవర్ ఎత్తి, హీ పాస్డ్ అవే, సిక్స్ మంత్స్ ఎగో అన్నాను. ఆమె థాంక్యూ అంది. గవర్నర్ నర్సంపేట రాలేదు. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త కూడా నేనే ఇచ్చాను: ‘గవర్నర్ మిత్రుడు ఆరు నెలల కిందటే మృతి’.

తొమ్మిదో రోజు ఫకీర్ మహమ్మద్ ఆఫీసుకొచ్చాడు. ఏటూరునాగారం వెళ్లాడంతే. గూడేల్లో కోళ్ల షెడ్లు చూసే పని దొరికితే ఆరు నెలలుగా అక్కడున్నాడు. చేతిలో మా పేపర్. నవ్వుతున్నాడు. నేను సచ్చిపోయిన్నట సారూ, నాకే ఖబర్ లేకపాయె అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అడిగాడు, మల్ల రసూల్‌కు చెప్పిన్రా, నేనున్నని?

చెప్పాం అన్నాను.

బ్యూరో చీఫ్ సవరణ రాయమన్నాడు, అమెరికా వాళ్లకు ఫ్యాక్స్ కొట్టమన్నాడు. సవరణ రాశాను, డెస్క్‌కు పంపలేదు. ఫ్యాక్స్ కొట్టానని చెప్పాను, కొట్టలేదు. నన్ను పర్మనెంట్ చేసే లెటర్ రావడానికి పదిహేను రోజులుంది. కారణం అదొక్కటే. ఇంకోటి వెతకను.

అక్టోబర్ 10

టోబిన్ ఆత్మకథ ట్యాబ్‌లోకి దింపుకున్నాను. 2004లో వేశారు. ఇన్నేళ్లు నేను వెతకలేదు. పద్నాలుగో అధ్యాయం రెండుసార్లు చదివాను.

1967లో ఫకీర్ తమ్ముడు చనిపోయాడు. పదిహేడేళ్ల కుర్రాడు. బావి నీళ్ల వంతు దగ్గర గొడవ, పక్క చేను యాకయ్య పారతో కొట్టాడు. వరంగల్ కోర్టులో ఫకీర్ తండ్రి మహబూబ్ అలీ నిలబడి, ఉరి వెయ్యకున్రి అని జడ్జిని అడిగాడు. వెనక బెంచీలో టోబిన్ కూర్చుని ఉన్నాడు. ఆ తండ్రి అంతవరకు ఎలా వచ్చాడో నాకు ఎన్నడూ అర్థం కాలేదు, సిగ్గుపడి అడగలేదు అని రాసుకున్నాడు.

1996లో ఆయన టేబుల్ మీద ఒక క్షమాభిక్ష పిటిషన్ ఉంది. ఇరవై నాలుగేళ్లవాడు, దుకాణంలో గుమాస్తాను కాల్చి చంపాడు. హైదరాబాద్ వచ్చింది వ్యాపారం కోసమే, కానీ ఫకీర్‌ను ఒక ప్రశ్న అడుగుదామని కూడా వచ్చానని రాశాడు. ‘అతను చనిపోయాడని చెప్పారు. అడగడానికి ఇంకెవరూ లేరు. నువ్వే తేల్చుకో అని చెప్పినట్టు తీసుకున్నాను.’ ఫిబ్రవరిలో పిటిషన్ తిరస్కరించాడు. శిక్ష అమలైంది. అంతకుముందు రెండు రోజులు ఆ కుర్రాడి తల్లి సెక్రటేరియట్ ముందు మెట్ల మీద నిలబడింది. సెక్యూరిటీవాళ్లు గవర్నర్‌ను బిల్డింగ్ కింది గరాజ్ నుంచి తీసుకెళ్లారు. ‘సంతకం కన్నా ఆ గరాజే ఎక్కువ గుర్తొస్తుంది’ అన్నది ఆ అధ్యాయంలో చివరి వాక్యం.

నా మాటకూ ఆ సంతకానికీ సంబంధం ఉందని నిరూపించలేను. లేదని కూడా నిరూపించలేను. ఇంకో రిపోర్టర్ ఇలాంటి కాపీ తెస్తే ఆధారం ఏదని వెనక్కి పంపేవాణ్ణి.

అక్టోబర్ 11

ఏమైందని నా భార్య పద్మలత అడిగింది. ఎసిడిటీ అన్నాను.

అక్టోబర్ 13

నర్సంపేట వెళ్లాను. దారంతా పత్తి ట్రాలీలు, గంటంబావు పట్టింది.

ఫకీర్ మహమ్మద్‌కు ఎనభై. చెవులు బాగున్నాయి, మోకాళ్లు బాగాలేవు. భార్య మెహరున్నీసా చాయ్ ఇచ్చింది. రసూల్‌కు బాగాలేదని చెప్పాను. ముసలాయన నన్నే అడిగాడు, గవర్నర్ అంటే మన గవర్నర్ లెక్క రిబ్బన్లు కత్తిరిచ్చుడేనా, ఇంకేమన్న పని ఉంటదా అని. ఉంటుందన్నాను. గట్లయితే పురసత్ దొర్కి ఉండదు, గందుకే ఉత్తరం రాయకపోవచ్చు అన్నాడు.

మెహరున్నీసా అందుకుంది. సూశినవా సారూ, ఇప్పటికి గూడ ఆయన తరఫునే వకాల్తు. పేపర్ల ఈయన సచ్చిపోయిండని వస్తే గూడ ఒక్క చిట్టీ రాయని దోస్తు, ఇగ ఆయనకు పురసత్ లేదట. నేను రెండు దినాలు మా చెల్లె ఇంటికి పోతే మాత్రం ముప్పై ఫోన్లు జేస్తడు ఈయన అంది.

నువ్వు ఊకో అన్నాడాయన. పెద్ద కుర్సీల కూసున్నోని బాధ నీకేమెరుక.

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. అప్పుడే ఆమె ఇంకో కప్పు తెచ్చింది. తాగి వచ్చేశాను.

అక్టోబర్ 14. ఉదయం 6

టోబిన్ కూతురు ఎలెన్ మెయిల్ ఐడీ ఆయన పాఠాలు చెప్పిన కాలేజీ వెబ్‌సైట్‌లో దొరికింది. పదకొండు సార్లు రాసి చెరిపాను. చివరికి పంపింది ఐదు వాక్యాలు. 1996 నవంబర్‌లో ఫకీర్ మహమ్మద్ చనిపోయాడని మీ నాన్నగారి సిబ్బందికి చెప్పింది నేను. అది తప్పు. తొమ్మిదో రోజున నాకు తెలిసింది, మీకు చెప్పలేదు. అతను బతికే ఉన్నాడు. ఇది అతని ఫోన్ నంబర్.

సారీ అనే మాట పెట్టి తీసేశాను. ఆ మాట పెడితే వాళ్లు నాకేదో జవాబివ్వాల్సి వస్తుంది.

అక్టోబర్ 16

జవాబు వచ్చింది. నాన్న ఉదయం పూట గంటో రెండు గంటలో మెలకువగా ఉంటారు. మీ మెయిల్ చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. ఆయన ఫకీర్‌ను ఒక ప్రశ్న అడగాలట. శనివారం మాకు ఉదయం ఎనిమిదిన్నర, మీకు సాయంత్రం ఏడు. ఆయన తెలుగు చాలావరకు పోయింది, మధ్యలో ఎవరైనా ఉండాలి. మీరు ఉండగలరా?

నా గురించి ఒక్క మాట లేదు. ఆ ఒక్క మాట కోసం మూడుసార్లు చదివాను.

శనివారం లోపల ఫకీర్ మహమ్మద్‌కు చెప్పాలి.

అక్టోబర్ 17. శుక్రవారం

జుమ్మా నమాజు నుంచి వచ్చేదాకా వాకిట్లో కూర్చున్నాను. వచ్చాక చెప్పాను. చెప్పాం అన్నది అబద్ధమని, రసూల్ ఇన్నేళ్లూ నువ్వు లేవనుకున్నాడని. రెండు నిమిషాలు పట్టలేదు.

మెహరున్నీసాకే ముందు అర్థమైంది. ఇరవై తొమ్మిదేండ్లు నా మొగున్ని సంపి పెట్టినవ్ గదయ్యా అంది. చదువుకున్నోనివి, కలం పట్టినోనివి, ఈడికి వచ్చి మా చాయ్ తాగి పోయినవ్ గదయ్యా మొన్న. ఇంకా చాలా అంది. అన్నీ నిజాలే కాబట్టి రాయడం లేదు.

ఫకీర్ మహమ్మద్ లేచి నల్లా దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు. తిరిగొచ్చి కూర్చోవడానికి టైం పట్టింది. నేను గాయన్ని తిట్టుకున్న అన్నాడు. మందికి మంచోడని చెప్పుకుంట, లోపల మాత్రం తిట్టుకున్న. రంజాన్ దినం గూడ తిట్టుకున్న. ఇగ గదంత నేను ఎట్ల వాపస్ తీస్కోవాలె?

రేపు సాయంత్రం వీడియో కాల్ ఉందని చెప్పాను. నువ్వు గూడ ఉంటవా అని అడిగాడు. ఇన్నాళ్లూ నాతో సారూ అని మాట్లాడిన మనిషి. ఉంటానన్నాను.

వాళ్ల మనవరాలు తమన్నా గేటు దాకా వచ్చింది. స్కూల్లో టీచర్. మీరు అప్పుడే చెప్పి ఉంటే తాత మిమ్మల్ని మెచ్చుకునేటోడు సార్, అసలు కోపమే రాదు ఆయనకు అంది. తిట్టుగా అనలేదు.

అక్టోబర్ 19. ఉదయం

నిన్నటి కాల్.

తమన్నా ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టింది. తెర మీద చాలా సన్నటి మనిషి, తల వెనక మూడు దిండ్లు. ఆయనే ముందు మాట్లాడాడు. బాగున్నవా ఫకీర్ అన్నాడు. నర్సంపేట యాసలో, స్పష్టంగా.

ఏం రసూలూ, సచ్చినోనితోని మాట్లాడుతానవా అన్నాడు ఫకీర్ మహమ్మద్. నేను ఇంగ్లీషులో చెప్పకముందే ఆయన నవ్వాడు. దగ్గొచ్చింది. ఎలెన్ నీళ్లు తాగించింది. తర్వాత ఇద్దరూ కోళ్ల మాటలు చెప్పుకున్నారు. ఆయనకు గుర్తున్న తెలుగంతా అదే: కోడి, గుడ్డు, దాణా, రేపు రా.

అప్పుడు ప్రశ్న అడిగాడు. మీ నాన్న ఆ రోజు కోర్టులో ఆ మాట ఎలా అనగలిగాడు?

ఫకీర్ మహమ్మద్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మా నాయిన ఏమంత దేవుడు గాదు రసూలూ. యాకయ్యకు ఉరి పడాల్నని దర్గాల మొక్కిండు. గప్పుడు యాకయ్య తల్లి వచ్చి మా గడప ముంగట కూసున్నది. ఏమడగలే, ఏడ్వలే, ఊకె కూసున్నది. నాయిన బర్ల కొట్టంల నుంచి వెనకకెళ్లి పోతాండు, వెనకకెళ్లి వస్తాండు. మూడొద్దులు గట్లనే. మూడోనాడు మా అమ్మ అన్నది, నీ ఇంట్ల నువ్వే దొంగ లెక్క ఎన్నొద్దులు తిరుగుతవు అని. నాయిన పోయి ముందటి దర్వాజ తీసిండు. ఆమె మొఖం సూశిండు. ఎండల ఉన్నది గద, జర నీళ్లియ్యుమని అమ్మకు చెప్పిండు. తాగింది. గంతే. నీళ్లిచ్చినంక ఇగ ఉరి వెయ్యుమని ఎట్లంటడు?

ఫకీర్ మహమ్మద్‌కు ఆ పుస్తకం సంగతి తెలియదు. గరాజ్ సంగతి తెలియదు. నాకు తెలుసు. కొట్టం నుంచి వెనక దారిన పోవడం వదిలేసి చెబితే కథ చెడిపోదు, ఆయన ఈ నాలుగు రోజులు సుఖంగా ఉంటాడు అనిపించింది. వదిలేయడానికి నోట్లో వాక్యం కూడా తయారైంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బ్యాక్ వే అన్నాను. ఫ్రంట్ డోర్ అన్నాను. సరిగ్గా చేశానో లేదో తెలియదు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎలెన్ దగ్గరికి వంగింది. ఆయన అన్నాడు, అతనికి చెప్పు, నేను గరాజ్ నుంచి వెళ్లాను.

చెప్పాను. ఫకీర్ మహమ్మద్‌కు అర్థం కాలేదు. ఏం గరాజ్, ఎటు పోయిండు అని నన్నడిగాడు. అప్పటికే నాన్న అలసిపోయారంది ఎలెన్. ఫకీర్ తెర మీద వేలు పెట్టాడు, ఆయన ముఖం మీద అనుకుని. కాల్ కట్ అయింది.

అప్పుడు మొత్తం చెప్పాను. పిటిషన్, హైదరాబాద్ ప్రయాణం, ఫిబ్రవరి, మెట్ల మీద తల్లి. గప్పుడు నేను ఉన్న గద అన్నాడు ఫకీర్ మహమ్మద్. నా వైపు చూసి కాదు. గప్పుడు నేను ఏటూరునాగారంల ఉన్న గద.

నేను లేవబోతుంటే అడిగాడు. గా తల్లికి ఎవలన్న నీళ్లిచ్చిన్రా?

పుస్తకంలో లేదన్నాను. కనుక్కో అన్నాడు.

అక్టోబర్ 24

రస్సెల్ టోబిన్ మంగళవారం చనిపోయారు. ఎలెన్ మెయిల్ ఒక్క లైను. ఫకీర్ మహమ్మద్‌కు నేనే వెళ్లి చెప్పాను.

ఆబిట్ పంపాను, చివర సవరణతో సహా. రమాకాంత్ ఫోన్ చేశాడు. అన్నా, ఇరవై తొమ్మిదేండ్ల కింది నాలుగు లైన్ల తప్పు ఎవనికి యాదికుంటది, నువ్వెందుకు తవ్వుకుంటానవ్, రిటైర్మెంట్ ముంగట గిదేం పిచ్చి అన్నాడు. స్పేస్ లేదని తీసేశాడు. అతని హెడ్డింగ్ మాత్రం అలాగే వచ్చింది.

జిల్లా పేజీ నా చేతిలో ఉంటుంది. అందులో వేశాను. ‘1996 నవంబర్ 20న ఈ పత్రికలో నర్సంపేటకు చెందిన ఫకీర్ మహమ్మద్ మరణించినట్టు వచ్చిన వార్త తప్పు. ఆ సంగతి తెలిసి కూడా విలేకరి సరిదిద్దలేదు. ఆ విలేకరి ఎన్. చంద్రమౌళి.’

ఎవరూ ఫోన్ చేయలేదు. పద్మలత చదివి పేపర్ మడిచి పెట్టింది.

అక్టోబర్ 27

ఆ రాష్ట్రం పేపర్ల పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 1997 ఫిబ్రవరివి ముప్పై ఒక్క వార్తలు చదివాను. చలి మైనస్ పదకొండు. ఆ తల్లి పేరు లొరెయిన్. నీలం కోటు, ఎడమ చేతికి గ్లవ్ లేదు. ఎన్ని గంటలు నిలబడిందో ఉంది. ఎంతమంది పోలీసులున్నారో ఉంది. నీళ్ల సంగతి ఏ రిపోర్టరూ రాయలేదు.

ఫకీర్ మహమ్మద్‌కు ఫోన్ చేసి చెప్పాను.

ఇంక జర దేవులాడి సూడు అన్నాడు.